పదో వంతు దేశపు పాట



మాస్టారి పేరిట ఈ ఏటి స్మారకోపన్యాసానికి విషయం మీ ఇష్టమన్నారు నిర్వాహకులు. కెనడా, అమెరికా దేశాల ఆల్బమ్ చార్టుల గురించి మాట్లాడతానంటే ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మాస్టారికీ దానికీ ఏమన్నా సంబంధం ఉందాండీ?" అని మర్యాదగానే అడిగారు. ఉంది. మాస్టారు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవారు. ఇంటికొస్తే రేడియో వదిలేవారు కాదు. ఈ రెండు వ్యసనాలూ ఒకచోట కలిస్తే పుట్టేది హిట్ పాటల జాబితా. బుధవారం రాత్రి రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా చదువుతుంటే ఏ పాట ఏ మెట్టు మీద ఉందో రాసుకునేవారు. రాసుకుని ఊరుకుంటే బాగుండేది. "అది సరే, ఎవరిని అడిగి కట్టాడయ్యా ఈ లెక్క?" అని మమ్మల్ని నిలదీసేవారు. మేమేం చెబుతాం, పాట వింటూ కూచున్నవాళ్ళం.

ఇంకో సంబంధం కూడా ఉంది. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటకు గడ్డుకాలం వచ్చింది. బొంబాయిలో పుట్టిన పాట కొలంబో వెళ్ళి, అక్కణ్ణుంచి షార్ట్‌వేవ్ మీద మన ఊళ్ళకు తిరిగొచ్చేది. తెలుగు పాటలూ అలా సముద్రం మీదుగా వచ్చినవే. మీనాక్షి పొన్నుదురై గొంతు గుర్తున్నవాళ్ళు ఈ సభలో ఇంకా ఉండే ఉంటారు. 1957 అక్టోబరులో వివిధ భారతి మొదలైతే గానీ ఆకాశవాణి తేరుకోలేదు. మనకు ఏ పాట నచ్చిందో పొరుగు దేశం రేడియో చెబితే తెలుసుకోవడమనే వింత మనవాళ్ళు కొన్నేళ్ళు చూశారు. కెనడావాళ్ళకు అది రేడియో పుట్టిన నాటి నుంచీ ఉన్న వ్యవహారం.

మాస్టారి మీద గౌరవంతో అంకెలతో మొదలుపెడతాను. అమెరికాలో ఒక ఆల్బమ్ 5 లక్షల ప్రతులు అమ్ముడైతే గోల్డ్, 10 లక్షలకు ప్లాటినం, కోటికి డైమండ్. కెనడాలో 2008 దాకా గోల్డ్‌కు 50,000, ప్లాటినానికి లక్ష, డైమండ్‌కు 10 లక్షలు. ఆ ఏడాది గోల్డ్ 40,000కూ, ప్లాటినం 80,000కూ దించారు. అంతకుముందు మాత్రం అచ్చంగా పదో వంతు. జనాభా కూడా అటూ ఇటుగా అదే నిష్పత్తి, ఖచ్చితంగా చెప్పాలంటే తొమ్మిదో వంతుకు దగ్గర. రెండు దేశాల మధ్య సరిహద్దు పొడవు 8,891 కిలోమీటర్లు. కెనడా జనంలో మూడింట రెండు వంతుల మంది ఆ గీతకు 100 కిలోమీటర్ల లోపే కాపురం ఉంటున్నారు. క్యూబెక్‌ను పక్కన పెడితే భాష ఒకటే. పెద్ద రికార్డు కంపెనీలు అవే. అలాంటప్పుడు రెండు దేశాల ఆల్బమ్ జాబితాలు ఒకదానికొకటి కార్బన్ కాపీలై ఉండాలి.

చాలావరకు అంతే. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ అక్కడా నంబర్ వన్, ఇక్కడా నంబర్ వన్. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ‘రూమర్స్’ కూడా అంతే. అలాంటివాటిని పోల్చి లాభం లేదు. నాకు ఆసక్తి తీసివేత మీద. కెనడా జాబితాలోంచి అమెరికా జాబితాను తీసేస్తే ఏం మిగులుతుంది? ఆ శేషం ఎందుకు మిగిలింది? అది జనం అభిరుచి అనుకుంటాం. నేను చూసినంతలో అభిరుచి పాత్ర సగమే. మిగతా సగం రేడియో స్టేషన్ల పని, చట్టం పని, లెక్క కట్టినవాళ్ళ పని.

ఆ శేషంలో అన్నిటికన్నా పెద్ద పేరు ట్రాజికల్లీ హిప్. ఒంటారియో రాష్ట్రంలో కింగ్‌స్టన్ అనే ఊరి కుర్రాళ్ళ బ్యాండు. గాయకుడు గోర్డ్ డౌనీ. వాళ్ళ ఆల్బమ్‌లు వరసపెట్టి కెనడాలో నంబర్ వన్ అయ్యాయి. 1992లో వచ్చిన ‘ఫుల్లీ కంప్లీట్లీ’ కాలక్రమంలో 10 లక్షలు దాటి డైమండ్ అందుకుంది. అప్పటి కెనడా జనాభా 2 కోట్ల 80 లక్షల పైచిలుకు. అంటే 28 మందికో ప్రతి. అదే నిష్పత్తిలో అమెరికాలో అమ్ముడై ఉంటే 90 లక్షల ప్రతులు కావాలి. మరి అమెరికాలో? రెండు వందల స్థానాలుండే బిల్‌బోర్డ్ పత్రిక జాబితాలో ఈ బ్యాండు ఆల్బమ్ ఏదీ పై సగంలోకి రాలేదు. 1995లో ‘సాటర్‌డే నైట్ లైవ్’ కార్యక్రమంలో పాడారు. ఆ బ్యాండును అభిమానించే కెనడా నటుడు డ్యాన్ ఆక్రాయిడ్ స్వయంగా వచ్చి పరిచయం చేశాడు. 1999 వుడ్‌స్టాక్ ఉత్సవంలో పాడారు. డిట్రాయిట్, బఫెలో లాంటి సరిహద్దు ఊళ్ళలో హాళ్ళు నిండేవి. ఆ నిండిన హాళ్ళలో సగం మంది వంతెన దాటి వచ్చిన కెనడావాళ్ళేనని ఒక వేళాకోళం.

కారణం అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటుంది: పాటలు మరీ కెనడావి, పరాయివాళ్ళకు అర్థం కావు అని. ‘ఫుల్లీ కంప్లీట్లీ’లో ఒక పాట బిల్ బరిల్కో అనే హాకీ ఆటగాడి గురించి. 1951 ఏప్రిల్‌లో టొరంటో మేపుల్ లీఫ్స్‌కు స్టాన్లీ కప్ తెచ్చిన గోల్ కొట్టాడు. ఆ ఆగస్టులో చేపల వేటకని చిన్న విమానంలో వెళ్ళి కనిపించకుండా పోయాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ జట్టుకు కప్ దక్కలేదు. 1962లో కప్ గెలిచిన కొద్ది వారాలకే అడవిలో విమాన శకలాలు దొరికాయి. ఇంకో పాట డేవిడ్ మిల్‌గార్డ్ మీద. చేయని హత్యకు 23 ఏళ్ళు జైల్లో ఉండి 1992లో బయటికొచ్చిన మనిషి. ఇవి ఇంటి సంగతులే, ఒప్పుకుంటాను. కానీ లివర్‌పూల్ వీధుల పేర్లు పెట్టి పాడిన బీటిల్స్‌ను అమెరికా నెత్తిన పెట్టుకోలేదూ? తెలియని ఊరి పేరు పాటకు ఎప్పుడూ అడ్డం కాలేదు. మనలో ఎంతమందికి తెలిసిన ఊళ్ళ పేర్లుంటాయి, మనం ఇష్టపడే హిందీ పాటల్లో?

నా అంచనా వేరు. 1992 నాటికి కెనడా రేడియోకు ఈ బ్యాండును మళ్ళీ మళ్ళీ వేసే అలవాటూ అవసరమూ ఉన్నాయి. అమెరికా రేడియోకు రెండూ లేవు. అక్కడ ఆ ఏడాది సియాటిల్ గ్రంజ్ బ్యాండ్ల హోరు నడుస్తోంది. ఆ అవసరం ఎక్కడిదన్నది చెప్పాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి పోవాలి. పోయేముందు ఒక్క సంగతి. 2016 మేలో డౌనీకి మెదడు క్యాన్సర్ అని లోకానికి తెలిసింది. అయినా దేశమంతా తిరిగి పాడారు. ఆఖరి కచేరీ ఆగస్టు 20న సొంత ఊరు కింగ్‌స్టన్‌లో. అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో జనంలో కూచుని విన్నాడు. కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ ప్రసారం చేస్తే 1 కోటి 17 లక్షల మంది చూశారని లెక్క తేలింది. దేశంలో దాదాపు మూడో వంతు. మరుసటి ఏడాది అక్టోబరులో డౌనీ పోయాడు. అమెరికా సంగీత పత్రికల సంతాప వ్యాసాలు చాలావాటిలో అమెరికాలో పేరు రాని బ్యాండు అన్న మాట తప్పకుండా కనిపించింది. తమిళనాట ఆడలేదని తెలుగు సినిమాను ఫ్లాప్ అంటామా? దేశంలో మూడో వంతు మంది ఒక రాత్రి కలిసి విన్న పాటకు ఇంకో దేశం ముద్ర ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు రేడియో సంగతి. డిట్రాయిట్ నదికి ఇవతల విండ్సర్ అనే ఊరుంది. పటం చూడండి, చిత్రంగా ఉంటుంది: అక్కడ కెనడా దక్షిణాన, అమెరికా ఉత్తరాన. ఆ ఊళ్ళో సీకేఎల్‌డబ్ల్యూ అనే స్టేషన్. 50,000 వాట్ల ట్రాన్స్‌మిటర్. మీటర్ మీద 800 దగ్గర ఉంటుంది కనక ‘బిగ్ ఎయిట్’ అనేవారు. పేరుకు కెనడా స్టేషన్, శ్రోతల్లో ఎక్కువమంది డిట్రాయిట్, క్లీవ్‌లాండ్‌ల అమెరికన్లు. యాజమాన్యం కూడా ఒకప్పుడు అమెరికన్ కంపెనీదే. 1970 ప్రాంతంలో విదేశీ యాజమాన్యం మీద ఆంక్షలొచ్చాక అమ్ముకుని పోవాల్సి వచ్చింది. అక్కడ రోజలీ ట్రోంబ్లీ అనే ఆవిడ ఉండేది. ఫోన్ స్విచ్‌బోర్డు దగ్గర ఉద్యోగంలో చేరి 1968లో మ్యూజిక్ డైరెక్టర్ అయింది. మన అర్థంలో సంగీత దర్శకురాలు కాదు, ఏ రికార్డు వేయాలో నిర్ణయించే మనిషి. ఆవిడ ఊఁ అంటే అమెరికా మధ్య పడమటి ఊళ్ళలో రికార్డు అమ్ముడుపోతుంది. ఇదంతా చూసి డిట్రాయిట్ గాయకుడు బాబ్ సీగర్ ఆవిడ పేరుతోనే ఒక పాట కట్టాడు. విన్నిపెగ్ బ్యాండు గెస్ హూను సరిహద్దు దాటించినవాళ్ళలో ఆవిడ ముఖ్యురాలు. 1970లో అమెరికా సింగిల్స్ జాబితా కొసకు ఎక్కిన తొలి కెనడా బ్యాండు ఆ గెస్ హూనే.

ఒక్క విండ్సర్ సంగతి ఇది. మిగతా దేశంలో కెనడా గాయకుడి రికార్డును కెనడా స్టేషన్లే వేసేవి కావు. అమెరికాలో హిట్టయిందా, అయితే వేద్దాం అనేవారు. పక్కింట్లో పెళ్ళి మేళం మోగుతుంటే మనింట్లో ఎవరు సన్నాయి ఊదినా వినపడదు కదా, అదీ పరిస్థితి. అప్పుడు ప్రసార నియంత్రణ మండలి సీఆర్‌టీసీ రంగంలోకి దిగింది. అధ్యక్షుడు పియెర్ జునో. 1971 జనవరి నుంచి ఏఎం స్టేషన్లు పొద్దున ఆరు నుంచి అర్ధరాత్రి దాకా వేసే సంగీతంలో 30 శాతం కెనడాదై ఉండాలన్నారు. 1999లో దాన్ని 35 చేశారు. కెనడా సంగీత పురస్కారాలకు జూనో అన్న పేరు ఆయన మీదుగా వచ్చిందే.

ఏది కెనడా పాట అన్నది మళ్ళీ స్టాటిస్టిక్స్ మాస్టారి ప్రశ్నే. దానికి స్టాన్ క్లీస్ అనే ఆయన మార్కుల పద్ధతి ఒకటి తయారుచేశాడు, మేపుల్ అంటారు. సంగీతం, పాడినవాళ్ళు, రికార్డయిన చోటు, సాహిత్యం: నాలుగు మార్కులు. రెండు వస్తే పాస్. స్టేషన్లవాళ్ళు ఊరుకుంటారా? మెలకువగా ఉండేవాళ్ళు తక్కువైన వేళల్లో కెనడా పాటలన్నీ గుత్తగా వేసి చేతులు దులుపుకునేవారు. ‘బీవర్ అవర్’ అని దానికో ఎగతాళి పేరు. కెనడా నికెల్ నాణెం మీద ఉండే జంతువు బీవర్. బిగ్ ఎయిట్‌కు మాత్రం ఈ నియమం నిజంగా దెబ్బే. డిట్రాయిట్ శ్రోతకు తెలియని పాట వస్తే మీట తిప్పితే చాలు, పక్కనే అరడజను అమెరికన్ స్టేషన్లు. కెనడా పాటను అమెరికాకు మోసిన వంతెన మీదే కెనడాను కాపాడే చట్టం బరువు పడింది. ఆ చట్టాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ దానికి ఎవరు మూల్యం చెల్లించారో దాచిపెట్టి మెచ్చుకోలేను.

మార్కుల పద్ధతికి అన్నిటికన్నా పెద్ద నగుబాటు 1991లో జరిగింది. బ్రయన్ ఆడమ్స్ పుట్టింది కింగ్‌స్టన్‌లోనే. అతని పాట ఒకటి ఆ ఏడాది బ్రిటన్‌లో వరసగా 16 వారాలు, అమెరికాలో 7 వారాలు నంబర్ వన్. ఆల్బమ్ పేరు ‘వేకింగ్ అప్ ద నైబర్స్’, అంటే పొరుగువాళ్ళ నిద్ర చెడగొట్టడం. చెడగొట్టింది మాత్రం సొంత ఇంటివాళ్ళదే. ఆ పాటలన్నీ మట్ లాంగ్ అనే దక్షిణాఫ్రికా మూలాల నిర్మాతతో కలిసి రాసినవి. కలిసి రాస్తే సంగీతం మార్కు పోయింది, సాహిత్యం మార్కు పోయింది, రికార్డింగు చాలావరకు కెనడా బయటే కనక ఆ మార్కూ పోయింది. మిగిలింది ఒక్కటి. లోకమంతా కెనడా గాయకుడనే మనిషి కెనడా రేడియో లెక్కలో కెనడా పాట పాడలేదు! ఆడమ్స్ బహిరంగంగానే మండిపడ్డాడు. 1993లో నియమం సవరించారు, విదేశీయుడితో కలిసి రాసినా సగం వాటా ఉంటే మార్కు ఇచ్చేట్టు.

ఆ సవరణ ఎంత పనికొచ్చిందో చూడండి. అదే లాంగ్ 1993లో కెనడా గాయని షనాయా ట్వెయిన్‌ను పెళ్ళాడాడు. ఇద్దరూ కలిసి రాసిన ‘కమ్ ఆన్ ఓవర్’ 1997లో వచ్చింది. అమెరికాలో 2 కోట్లకు, కెనడాలో 20 లక్షలకు సర్టిఫికెట్లు పొందింది. రెండు దేశాల్లోనూ డబుల్ డైమండ్, సరిగ్గా పదో వంతు. పాత నియమమే ఉండి ఉంటే ఈ ఆల్బమ్‌కు కూడా ఆడమ్స్‌కు పట్టిన గతే పట్టేది. ఇందులో ఇంకో విశేషముంది. 2 కోట్లు అమ్ముడైన ఈ ఆల్బమ్ అమెరికా ప్రధాన జాబితాలో ఒక్క వారం కూడా నంబర్ వన్ కాలేదు. రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. నంబర్ వన్ అన్నది ఒక వారపు పందెం. ఆ వారం పక్కన ఎవరు పరిగెత్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. నంబర్ వన్‌లు లెక్కపెట్టి రెండు దేశాలను పోల్చే వ్యాసాలు నేను చాలా చదివాను. వాటిలో చాలావాటికి ఈ ఒక్క ఆల్బమ్ జవాబు చెబుతుంది.

ఇంతవరకు చెప్పింది వింటే కెనడా తన పాటను గుర్తించింది, అమెరికా గుర్తించలేదు అని మీరు అనుకోవచ్చు. తిరగేసి చూస్తే సిగ్గుపడాల్సిన సంగతులు కూడా ఉన్నాయి. టొరంటో బ్యాండు రష్ తొలి ఆల్బమ్‌ను కెనడా కంపెనీలు వద్దన్నాయి. మూన్ రికార్డ్స్ అని సొంత పేరు పెట్టి వాళ్ళే వేసుకున్నారు. 1974లో ఒక ప్రతి క్లీవ్‌లాండ్‌లో డబ్ల్యూఎమ్ఎమ్ఎస్ స్టేషన్‌లో పనిచేసే డోనా హాల్పర్ చేతికి చేరింది. ఆవిడ ‘వర్కింగ్ మ్యాన్’ పాట వేసింది. ఫ్యాక్టరీ కార్మికుల ఊరు, పాట కార్మికుడి గురించి, ఫోన్లు మోగిపోయాయి. అలా మెర్క్యురీ కంపెనీ ఒప్పందం వచ్చింది. 1981 నాటికి వాళ్ళ ‘మూవింగ్ పిక్చర్స్’ కెనడాలో ఒకటో స్థానం, అమెరికాలో మూడో స్థానం. తమ ఇంటి బిడ్డ గొప్పవాడని టొరంటోకు క్లీవ్‌లాండ్ చెప్పాల్సి వచ్చింది.

అలానిస్ మోరిసెట్ కథ ఇంకోలా ఉంటుంది. ఒటావా అమ్మాయి. 1991లోనూ 1992లోనూ రెండు డ్యాన్స్ పాప్ ఆల్బమ్‌లు చేసింది, రెండూ కెనడాకే పరిమితం. తర్వాత లాస్ ఏంజిలస్ వెళ్ళి గ్లెన్ బల్లార్డ్‌తో కలిసి ‘జాగ్డ్ లిటిల్ పిల్’ చేసింది. 1995లో మడోన్నా స్థాపించిన మావరిక్ కంపెనీ ద్వారా వచ్చింది. పాటను ముందు ఎత్తుకున్నది లాస్ ఏంజిలస్ స్టేషన్ కేఆర్ఓక్యూ. అమెరికాలో 12 వారాలు నంబర్ వన్. కెనడాలో డబుల్ డైమండ్. అమెరికన్లకు ఆమె కొత్త గొంతు. కెనడావాళ్ళకు మాత్రం జుట్టు ఎగరేసుకుంటూ నాట్యమాడిన ఆ పాత పిల్లేనా ఇంత కోపంగా పాడుతున్నది అన్న ఆశ్చర్యం. రెండు జాబితాల్లోనూ ఒకే ఆల్బమ్, ఒకే స్థానం, విన్న కథలు రెండు. ఇది అంకెకు అందదు.

అమెరికా కంపెనీల తీర్పు ఎంత గుడ్డిదో కూడా చెప్పాలి. 1984లో కెనడా గాయకుడు లియోనార్డ్ కోహెన్ ‘వేరియస్ పొజిషన్స్’ ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేయడానికి కొలంబియా కంపెనీ ఒప్పుకోలేదు. తర్వాత లోకంలో లెక్కలేనంత మంది పాడుకున్న ‘హలెలూయా’ ఉన్నది అందులోనే. చివరికి ఒక చిన్న కంపెనీ వేసింది. జాబితాలో లేనంత మాత్రాన జనం కాదన్నారనుకోకూడదు. ఒక్కోసారి జనం దాకా రానే రాలేదు.

సరిహద్దు దాటి వెళ్ళినవాళ్ళ మీద కసి కూడా కెనడాలో ఉండేది. స్టాంపిన్ టామ్ కానర్స్ అనే జానపద గాయకుడు, పలక మీద బూటుకాలితో తాళం వేస్తూ పాడేవాడు. దేశం వదిలి అమెరికాలో బతుకుతున్నవాళ్ళకు జూనోలు ఇస్తున్నారని 1978లో తనకొచ్చిన ఆరు జూనోలూ వాపసు ఇచ్చేశాడు. ఆ పౌరుషం నాకు నచ్చుతుంది, వాదన నచ్చదు. నీల్ యంగ్ ‘హార్వెస్ట్’ 1972లో అమెరికాలో నంబర్ వన్ అయిందంటే కాలిఫోర్నియాలో ఉండబట్టే. ఆ గొంతులోని చలి మాత్రం అతను పెరిగిన మానిటోబాది.

క్యూబెక్‌ది మూడో దేశం లెక్క. అక్కడి ఫ్రెంచ్ స్టేషన్లు గాత్ర సంగీతంలో 65 శాతం ఫ్రెంచ్‌లోనే వేయాలి. సెలీన్ డియోన్ 1990లో తొలి ఇంగ్లీషు ఆల్బమ్ చేస్తే, క్యూబెక్‌వాళ్ళు ఫెలిక్స్ పురస్కారం ‘ఆంగ్ల గాయని’ విభాగంలో ఇచ్చారు. ఆమె వేదిక మీదే వద్దంది, నేను ఆంగ్లభాషిని కాదని. 1995లో వచ్చిన ఆమె ‘డూ’ ఫ్రెంచ్ ఆల్బమ్‌లన్నిటిలోకీ ఎక్కువ అమ్ముడైనది. అమెరికాలో దాని జాడ అంతంతమాత్రం. దీని గురించి ఇంకో ఉపన్యాసం అవసరం. దానికి నాకన్నా ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు కావాలి.

ఇక ఎవరిని అడిగి కట్టారు ఈ లెక్క అన్న ప్రశ్న. కెనడాలో వాల్ట్ గ్రీలిస్ అనే మాజీ పోలీసు ఉండేవాడు. మౌంటెడ్ పోలీసులో, తర్వాత టొరంటో పోలీసులో చేసి, రికార్డు కంపెనీలకు ప్రచారం చేసే పనిలోకి వచ్చాడు. 1964 ఫిబ్రవరిలో ‘ఆర్‌పీఎమ్’ అని వారపత్రిక పెట్టాడు. మేపుల్ మార్కుల స్టాన్ క్లీస్ ఆయన మిత్రుడే. ఇంగ్లీషులో కెనడాకు దేశమంతటి జాబితా అంటూ నిలకడగా కట్టింది ఆ పత్రికే. దుకాణాల నుంచి, స్టేషన్ల నుంచి నివేదికలు తెప్పించుకుని కట్టేవారు. అందులో పక్షపాతం లేదనను. సరిహద్దుకు అవతల బిల్‌బోర్డ్ సంగతి మాత్రం బాగుందా? 1991 దాకా వాళ్ళదీ ఫోన్ల వ్యవహారమే. దుకాణంవాడు ఏది బాగా పోతోందని చెబితే అదే. ఎన్ని ప్రతులు అని అడిగేవారు కాదు, వరస చెప్పమనేవారు. కౌంటర్ దగ్గర కూచున్న కుర్రాడికి రాక్ ఇష్టమైతే రాక్ పైకి పోతుంది. 1991 మే 25 నాటి సంచిక నుంచి సౌండ్‌స్కాన్ వచ్చింది, బార్‌కోడ్ లెక్క. రాత్రికి రాత్రి అమెరికా మరో దేశంలా కనపడింది. జూన్‌లో లాస్ ఏంజిలస్ ర్యాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ నంబర్ వన్. సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ కంట్రీ ఆల్బమ్ వస్తూనే నంబర్ వన్. జనం మారలేదు, కొలత మారింది. 1991కి ముందూ తర్వాతా జాబితాలను ఒకే గాటన కట్టి రెండు దేశాలను పోల్చేవాళ్ళతో నాకు పేచీ అందుకే. పైగా సౌండ్‌స్కాన్ కెనడాకు కొన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది. కాబట్టి ‘ఫుల్లీ కంప్లీట్లీ’ వచ్చిన 1992లో ఒక దేశంలో బార్‌కోడ్ లెక్కపెడుతుంటే, ఇంకో దేశంలో మనుషులు లెక్కపెడుతున్నారు.

2000 నవంబరులో ఆర్‌పీఎమ్ మూతపడింది. అప్పటి నుంచి కెనడా ఆల్బమ్ జాబితా అంటే అమెరికా కంపెనీ సేకరించిన అంకెలు, అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ ముద్రించే వరస. కొలత మెరుగైంది, సందేహం లేదు. కానీ తన ఖాతాపుస్తకం తానే రాసుకునే హక్కును ఒక దేశం ఇంత నిశ్శబ్దంగా పొరుగువాడి చేతిలో పెట్టడం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. 30 శాతం కోసం అంత పోరాడినవాళ్ళు దీని గురించి గట్టిగా మాట్లాడిన దాఖలా నాకు కనపడలేదు.

ఆ తర్వాత స్ట్రీమింగ్ వచ్చింది. 2014 డిసెంబరు నుంచి బిల్‌బోర్డ్ 1,500 స్ట్రీములను ఒక ఆల్బమ్ అమ్మకంగా లెక్కేయడం మొదలుపెట్టింది. 2016లో టొరంటో ర్యాపర్ డ్రేక్ ‘వ్యూస్’ అమెరికాలో 13 వారాలు నంబర్ వన్. అట్ట మీద బొమ్మ టొరంటో సీఎన్ టవర్. వీకెండ్ ఆ ఊరివాడే, జస్టిన్ బీబర్ కూడా ఒంటారియో కుర్రాడే. మన తీసివేతలో ఇప్పుడు వీళ్ళెవరూ మిగలరు, రెండు వైపులా ఉన్నారు కనక. చట్టం పుట్టినప్పుడు ఎవరూ ఊహించని గెలుపు ఇది. అయితే స్పాటిఫైకి 35 శాతం నియమం వర్తించదు. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో విండ్సర్ ఆఫీసులో ఎవరూ కూచుని నిర్ణయించరు. 2023 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ స్ట్రీమింగ్ చట్టం వచ్చింది. 2024 జూన్‌లో సీఆర్‌టీసీ పెద్ద స్ట్రీమింగ్ సంస్థలు కెనడా ఆదాయంలో 5 శాతం స్థానిక సంగీతానికీ ప్రసారాలకూ ఇవ్వాలంది. సంస్థలు కోర్టుకెక్కాయి.

మరి శేషం ఖాళీ అయిందా? లేదు, అందులోకి కొత్తవాళ్ళు వచ్చారు. బ్రాంప్టన్, సర్రీ ఊళ్ళ పంజాబీలు. కరణ్ ఔజ్లా ‘మేకింగ్ మెమరీస్’ 2023లో కెనడా ఆల్బమ్ జాబితాలో మొదటి పదిలోకి వచ్చింది. 2024లో అభిమానుల ఓట్లతో ఇచ్చే జూనో అతనికి దక్కింది. అమెరికా ప్రధాన జాబితాలో ఆ స్థాయి పంజాబీ ఆల్బమ్‌కు దక్కలేదు. అమెరికాలో మనవాళ్ళేమీ తక్కువ లేరు. తెలుగు సినిమా విడుదలైన రోజు డాలస్ థియేటర్ల దగ్గర సందడి మీరు వీడియోల్లో చూసే ఉంటారు. అయినా బిల్‌బోర్డ్‌లో తెలుగు కనపడదు. ఒక కారణం జనాభా నిష్పత్తి: దేశం చిన్నదైతే ఒక గుంపు తొందరగా జాబితాలోకి ఎక్కుతుంది. ఇంకో కారణం, పంజాబీ గాయకులు ఆల్బమ్‌లు చేస్తారు. మన పాట సినిమాతో పుట్టి, సింగిల్ సింగిల్‌గా యూట్యూబ్‌లోకి వెళ్ళిపోతుంది. ఆల్బమ్ లెక్కలో అది ఎక్కడ ఆనుతుంది? మేపుల్ పద్ధతిలో చూస్తే ఆ పంజాబీ పాటలకు ఎన్ని మార్కులొస్తాయన్నది సరదా ప్రశ్న. సర్రీలో ఉండేవాడు పాడి, మొహాలీలో ఉండేవాడు సంగీతం చేస్తే?

చివరగా ఇక్కడున్న విద్యార్థులకు ఒక పని. ఆర్‌పీఎమ్ జాబితాలను 1964 నుంచి 2000 దాకా కెనడా జాతీయ గ్రంథాలయం డిజిటల్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. పాత బిల్‌బోర్డ్ సంచికలు కూడా గూగుల్ బుక్స్‌లో దొరుకుతాయి. 1971 జనవరికి ముందు రెండేళ్ళు, తర్వాత రెండేళ్ళు తీసుకుని, వారం వారం పక్కపక్కన పెట్టి చూడండి. కెనడా ఆల్బమ్‌లు ఎన్ని పెరిగాయో తేలిగ్గానే తెలుస్తుంది. అంతకన్నా నాకు కావలసింది ఇంకోటి. ఒక కెనడా ఆల్బమ్ ముందు ఏ జాబితాలో కనపడి, ఎన్ని వారాల తర్వాత రెండోదానిలోకి వచ్చింది? చట్టం వచ్చాక ఆ దిశ తిరగబడిందా, లేక రష్ విషయంలో జరిగినట్టు ఇంకా అమెరికా నుంచే వస్తోందా? తిరగబడిందనే నా అనుమానం. తప్పని తేలితే ఇదే వేదిక మీద వచ్చి చెప్పండి, నేను ముందు వరసలో కూచుని వింటాను.